దానిమ్మ పండు మీద నాకు కోపం లేదు

మా ఆఫీసు క్యాంపస్‌లో ఏటా రక్తదాన శిబిరం పెడతారు. వేలి కొసన సూదితో పొడిచి, ఒక చుక్క తీసి, గ్లాసులో ఉన్న నీలం రంగు కాపర్ సల్ఫేట్ నీళ్ళలో వేస్తారు. చుక్క బుడుంగున మునిగితే పాస్. మునగకుండా పైకి తేలితే హిమోగ్లోబిన్ 12.5 లేనట్టు. ఈసారి నేను లైన్లో నిలబడ్డంతసేపూ చూశాను. ఆ చుక్క దగ్గర వెనక్కి తిరిగినవాళ్ళలో మగపిల్లాడు ఒక్కడూ లేడు. అందరూ పాతిక, ముప్ఫై ఏళ్ళ ఆడపిల్లలే. మంచి జీతాలు, జిమ్ కార్డులు, మధ్యాహ్నం డబ్బాలో రాగి ముద్దో మిల్లెట్ కిచిడీనో తెచ్చుకునేవాళ్ళు. ఒకమ్మాయి "నేను బాగానే తింటానండీ" అని టెక్నీషియన్‌కి సంజాయిషీ చెప్పుకుంటోంది. ఆయన నవ్వి, ఒక జ్యూస్ ప్యాకెట్టూ ఒక కరపత్రమూ చేతిలో పెట్టాడు. దాని మీద దానిమ్మ, బీట్‌రూట్, ఖర్జూరం, బెల్లం, పాలకూర బొమ్మలు.

అంతకుముందు నింపిన ఫారంలో ఆడవాళ్ళకి "ఇవాళ నెలసరిలో ఉన్నారా?" అని ఒక ప్రశ్న ఉంది. అవును, కాదు అని రెండు గళ్ళు. ఎన్ని రోజులు అవుతుంది, ఎంత పోతుంది అని లేదు. శిబిరం పని అది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ కరపత్రం లాంటిదే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ వస్తుంది, ఊళ్ళో మా అత్తగారి నోటా వస్తుంది, చాలాసార్లు డాక్టరు నోటి నుంచి కూడా వస్తుంది. రక్తం తక్కువుందనగానే "ఏం తింటున్నావు?" అంటారు. ఎంత పోతోందని మాత్రం ఎవరూ అడగరు. బెంగళూరులో ఎండాకాలం సంపు ఖాళీ అయిపోతుంటే ట్యాంకరు మీద ట్యాంకరు పిలిపిస్తూ, అడుగున పగులుందేమో చూడకపోవడం లాంటిది ఇది.

నా అభిప్రాయం ఒక్కటే. కడుపునిండా తినగలిగే ఇళ్ళలో, పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళ ఐరన్ లోపాన్ని తిండి సమస్యగా చూడటం మానేసి, ముందు రక్తస్రావం సమస్యగా చూడాలి.

లెక్క వేసి చూస్తే

మనిషి ఒంట్లో మొత్తం ఇనుము మూడు నాలుగు గ్రాములు. అందులో మూడింట రెండొంతులు రక్తంలోనే తిరుగుతుంటుంది. చర్మం పొరలు రాలడం, పేగుల లోపలి కణాలు రాలడం వల్ల రోజుకి సుమారు ఒక మిల్లీగ్రాము పోతుంది. మన తిండిలో రోజుకి పదిహేను మిల్లీగ్రాములు ఉందనుకుందాం. అన్నం, పప్పు, కూర తిండిలో ఒంటికి పట్టేది పదో వంతు, అంటే ఒకటిన్నర మిల్లీగ్రాములు. రోజూ పోయేది తీసేస్తే మిగిలేది అర మిల్లీగ్రాము. నెలకి పదిహేను.

ఇప్పుడు ఖర్చు వైపు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో మిల్లీలీటరుకి అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. మామూలు నెలసరిలో పోయేది 30, 40 మిల్లీలీటర్లు, అంటే 15 నుంచి 20 మిల్లీగ్రాములు. ఉన్నదానికీ పోయేదానికీ దాదాపు సరిపోయింది. వైద్య లెక్కల్లో 80 మిల్లీలీటర్లు దాటితే అధిక రక్తస్రావం. 120 పోయే ఆడమనిషికి నెలకి 60 మిల్లీగ్రాముల ఖర్చు, వచ్చేది మాత్రం ఆ పదిహేనే. ప్రతి నెలా అప్పే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల్లో మగవాళ్ళకి రోజుకి 19 మిల్లీగ్రాములు, ఆడవాళ్ళకి 29 అని ఉంది. ఆడవాళ్ళు తక్కువ తింటారు కదా, ఎక్కువ ఎందుకు కావాలని ఎవరూ అడగరు. అడిగితే జవాబు నెలసరే.

ఇక దానిమ్మ. నూరు గ్రాముల గింజల్లో ఇనుము 0.3 మిల్లీగ్రాములు. ఒక మోస్తరు పండులో నూటయాభై గ్రాముల గింజలు వస్తాయనుకుంటే, అందులో పదో వంతు ఒంటికి పడుతుందనుకుంటే, ఆ 60 మిల్లీగ్రాములు పూడ్చడానికి నెలకి వెయ్యికి పైగా పళ్ళు కావాలి. దానిమ్మ మీద నాకు కోపం లేదు, మా ఇంట్లో బాగానే తింటాం. ఎర్రగా ఉంది కాబట్టి రక్తం అవుతుందన్న నమ్మకం మీదే కోపం. బీట్‌రూట్ సంగతీ అంతే, నూరు గ్రాములకి ఒక మిల్లీగ్రాము కూడా లేదు. వాటితో పోలిస్తే మన తోటకూర, ఉలవలు, నువ్వులు చాలా నయం. మాంసం తినేవాళ్ళకి లివర్ ఇంకా నయం, ఎందుకంటే మాంసంలో ఉండే రకం ఇనుము ఒంటికి బాగా పడుతుంది. కానీ ఏది తిన్నా నెలకి 60 పోయే లోటుని తిండి ఒక్కటే పూడ్చలేదు.

మగవాళ్ళయితే మొదటి ప్రశ్నే అది

మా బాబాయి నెల్లూరు నుంచి వైట్‌ఫీల్డ్‌లో కొడుకు దగ్గరికి వచ్చి కొన్నాళ్ళున్నారు. మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ. టెస్టు చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది చిల్లర. మా పిన్ని ఆ పూటే మేక లివర్ తెప్పించి వేపుడు మొదలుపెట్టింది. డాక్టరు మాత్రం ఆయన ఏం తింటున్నాడని అడగనే లేదు. "విరేచనం నల్లగా అవుతోందా? మొలలున్నాయా? నొప్పి మాత్రలు వాడతారా?" అని అడిగాడు. బాబాయి మోకాళ్ళ నొప్పులకి మెడికల్ షాపులో తనే అడిగి డైక్లోఫినాక్ కొనుక్కుని నెలల తరబడి మింగుతున్నారు. ఎండోస్కోపీలో కడుపులో పుండు కనిపించింది, అక్కడి నుంచి కొంచెం కొంచెంగా కారుతోంది. అంతటితో వదల్లేదు, ఆ వయసులో పేగు క్యాన్సర్ లేదని తేల్చుకోవాలని కొలనోస్కోపీ కూడా చేయించాడు. (ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక విరేచనం ఎలాగూ నల్లబడుతుంది. కాబట్టి ఈ ప్రశ్న మాత్రలకి ముందే అడగాలి.)

వైద్యం పుస్తకాల్లోనే ఉన్న నియమం ఇది. మగవాళ్ళకి, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి ఐరన్ తక్కువైతే, ఇంకో కారణం తేలేదాకా లోపల ఎక్కడో రక్తం కారుతోందనే అనుకుని వెతకాలి.

అదే బాబాయి కూతురికి ముప్ఫై నాలుగేళ్ళు. ఆమెకి హిమోగ్లోబిన్ తొమ్మిది వస్తే ఒక క్లినిక్‌లో సిరప్ రాసి "ఆకుకూరలు తినమ్మా" అని పంపేశారు. రక్తం ఎటు పోతోందో ఆమె విషయంలో అందరికీ తెలుసు. అందుకే ఎంత పోతోందని ఎవరూ అడగలేదు.

ఐస్ ముక్కలు

మా పై ఫ్లాట్‌లో నలుగురు అమ్మాయిలు కలిసి ఉంటారు. ఒకమ్మాయిది కందుకూరు వైపు. మా ఫ్రిజ్‌లో ఐస్ ట్రేలు వారం వారం ఆ పిల్లకే ఖాళీ అవుతాయి. కూల్‌డ్రింక్‌లో వేసుకోదు, కరకర నమిలేస్తుంది. చలికాలం కూడా. నవ్వుతూ "చిన్నప్పుడు బియ్యం బొక్కేదాన్ని ఆంటీ, పెళ్ళిలో వాన పడుతుందని అమ్మ తిట్టేది" అంది. బియ్యం, బలపాలు, మట్టి, ఐసు. ఇలా తిండి కానివాటి మీదికి మనసు పోవడం ఐరన్ లోపానికి బాగా తెలిసిన గుర్తు. ఐరన్ ఎక్కితే ఐస్ మీద మోజు దానంతట అదే పోతుంది, ఎందుకో ఎవరూ గట్టిగా తేల్చలేదు.

ఆ పిల్లకి రాత్రిళ్ళు కాళ్ళు పీకుతాయి, కదుపుతుంటే తప్ప నిద్ర పట్టదు. జుట్టు ఊడుతుంది. మధ్యాహ్నం మీటింగుల్లో బుర్ర పనిచెయ్యదంటుంది. ఆఫీసు హెల్త్ చెకప్‌లో హిమోగ్లోబిన్ 11.4 వస్తే "కొంచెం తక్కువ, పర్లేదు" అన్నారట. నేను పోరితే ఫెరిటిన్ పరీక్ష చేయించుకుంది. ఒంట్లో దాచుకున్న ఇనుము ఎంతుందో చెప్పే పరీక్ష అది. 5 వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 15 కంటే తగ్గితే లోపం అంటుంది. చాలామంది డాక్టర్లు 30 కంటే తగ్గగానే మందు మొదలుపెడతారు. హిమోగ్లోబిన్ చివర్న పడిపోతుంది, అంతకంటే చాలా ముందే గోదాం ఖాళీ అయిపోతుంది.

ఆమె రిపోర్టులో నాకు చిర్రెత్తించిన సంగతి ఇంకొకటి ఉంది. మామూలు హద్దులని అచ్చేసిన గడిలో మగవాళ్ళకి 30 నుంచి, ఆడవాళ్ళకి 13 నుంచి అని ఉంది. ఆరోగ్యంగా ఉన్నారనుకున్న ఆడవాళ్ళ రక్తం తీసి ఈ హద్దులు కట్టారు. వాళ్ళలో చాలామందికి ముందే గోదాం ఖాళీ. ఆ లోటే హద్దు అయి కూర్చుంది.

కుందలహళ్ళి దగ్గర ఒక లేడీ డాక్టర్ దగ్గరికి నేనే తోడు వెళ్ళాను. ఆవిడ కన్నడావిడ, వచ్చీ రాని తెలుగులో సూటిగా అడిగింది. ప్యాడ్ ఎంతసేపటికి మారుస్తావు? రాత్రి లేవాలా? గడ్డలు పడతాయా, రూపాయి బిళ్ళంతా అంతకంటే పెద్దవా? ఎన్ని రోజులు? ఆ పిల్ల నా వంక చూసి చెప్పింది. మొదటి రెండు రోజులు గంటన్నరకోసారి. రాత్రి రెండుసార్లు లేస్తుంది, పక్క మీద పాత టవల్ పరుచుకుంటుంది. ఆ రోజుల్లో నల్ల ప్యాంటే వేసుకుంటుంది, వీలైతే వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుంటుంది. ఎనిమిది రోజులు. "ఇంతకు ముందు ఎవరికీ చెప్పలేదా?" అని ఆవిడ అడిగితే "మా ఇంట్లో అందరికీ ఇంతేనండీ, అమ్మకీ, పెద్దమ్మకీ" అంది.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1966లో హాల్‌బర్గ్ బృందం వందలాది మంది ఆడవాళ్ళ దగ్గర ప్యాడ్లు సేకరించి, పోయిన రక్తాన్ని నిజంగానే కొలిచింది. 80 మిల్లీలీటర్లు దాటినవాళ్ళలో కూడా చాలామంది తమది మామూలే అనుకున్నారు. ఎవరైనా పోల్చుకునేది అమ్మతో, అక్కతో. వాళ్ళకీ అంతే అయితే అదే మామూలు. తరతరాలుగా ఒకే ఇంట్లో అధిక రక్తస్రావం ఉంటే రక్తం గడ్డకట్టడంలోనే వంశపారంపర్య లోపం ఉండొచ్చు, వాన్ విల్లిబ్రాండ్ అని ఒకటి. డాక్టరు అది కూడా చూడాలంది. థైరాయిడ్, స్కానింగ్ సరేసరి. గర్భసంచిలో గడ్డలు, థైరాయిడ్ మందగించడం, కాపర్-టీ, ఇలా ఎన్నో కారణాలుంటాయి. ఏ కారణమూ దొరకనివీ ఉంటాయి. ఈ పిల్లకి ఏదీ దొరకలేదు.

ఇంత గోల అవసరమా?

ఇది రాస్తూ నాకే వచ్చిన అనుమానాలు కొన్ని.

ఒకటి, లెక్కలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత అన్నారు. ఆంధ్రలో 58.8, తెలంగాణలో 57.6, కర్ణాటకలో 47.8. ఈ అంకెల్ని అనుమానించేవాళ్ళు ఇక్కడ బెంగళూరులోనే ఉన్నారు. సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో పనిచేసిన అనూరా కుర్పాడ్ లాంటివాళ్ళు వేలి కొస చుక్కతో కొలిస్తే లోపం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుందని, నరం నుంచి తీసిన రక్తమే నమ్మాలని వాదిస్తూ వచ్చారు. 2016-18 జాతీయ పోషకాహార సర్వేలో నరం నుంచి తీసి చూస్తే 10 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో రక్తహీనత నూటికి 28 మందికే తేలింది. పైగా రక్తహీనత అంతా ఐరన్ లోపమే కాదు. బి12 లోపం ఉంటుంది, తలసీమియా జీన్ మోసేవాళ్ళకి ఐరన్ నిండుగా ఉన్నా హిమోగ్లోబిన్ తక్కువే ఉంటుంది. వాళ్ళకి మాత్రలు మింగించడం దండగ. అందుకే దేశం లెక్క ఎంతో నేను వాదించను. నేను మాట్లాడేది ఐస్ నమిలే పిల్ల గురించి.

రెండు, నీరసం. నీరసం లేనిది ఎవరికి? వైట్‌ఫీల్డ్ నుంచి సిల్క్‌బోర్డ్ దాకా రోజూ ట్రాఫిక్‌లో కూర్చుంటే ఫెరిటిన్ ఎంతున్నా నీరసమే. 2012లో అచ్చయిన ఒక పరిశోధనలో, రక్తహీనత లేకుండా ఫెరిటిన్ 50 కంటే తక్కువున్న 198 మంది ఆడవాళ్ళకి పన్నెండు వారాలు సగం మందికి ఐరన్, సగం మందికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఐరన్ వేసుకున్నవాళ్ళ నీరసం దాదాపు 48 శాతం తగ్గింది. ఉత్తుత్తి మాత్రలవాళ్ళది కూడా 29 శాతం తగ్గింది! ఈ రెండో అంకె చూసి నవ్వొచ్చింది. ఎవరో పట్టించుకుని మాత్ర చేతిలో పెడితేనే మనిషికి అంత తెరిపి. అయినా మొదటి అంకెని కొట్టిపారెయ్యలేం.

మూడు, తిండి. కూలికి వెళ్ళి వచ్చి, అందరికీ వడ్డించి, అడుగంటిన కూరతో ఆఖర్న తినే అమ్మకి తిండి సమస్య కాదంటే పాపం తగులుతుంది. ఆమెకి రెండు వైపులా దెబ్బే. తిన్నవాళ్ళకి కూడా తిండి వైపు పనికొచ్చే మాట ఒకటుంది, కానీ అది పళ్ళ గురించి కాదు. కాఫీ. 1983 నాటి ఒక ప్రయోగంలో భోజనంతో టీ తాగితే ఇనుము ఒంటికి పట్టడం 64 శాతం, కాఫీ తాగితే 39 శాతం తగ్గింది. తిన్న గంటకి తాగినా కాఫీ చెరుపు అంతే. తినడానికి గంట ముందు తాగితే ఏమీ లేదు. ఇడ్లీ అయ్యాక ఫిల్టర్ కాఫీ అన్నది ఈ ఊళ్ళో మతం లాంటిది, మార్చమంటే కొట్టొస్తారు. మా ఇంట్లో కాఫీ లేవగానే, టిఫిన్ ఆ తర్వాత ఎప్పుడో.

అడిగితే ఏమవుతుందో అన్న భయం

అసలు అనుమానం ఇది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

ఒంగోలులో మా వదినకి ముప్ఫై ఎనిమిదో ఏట బాగా రక్తం పోయేది. ఆమెని అడిగారు. ఎంత పోతోంది, ఎన్ని రోజులని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో శ్రద్ధగానే అడిగారు. స్కానింగులో చిన్న గడ్డ కనిపించింది. "ఇద్దరు పిల్లలున్నారు కదమ్మా, ఇంకెందుకు ఆ సంచి, పోనుపోను క్యాన్సర్ అవుతుంది" అన్నారు. తీసేశారు. మాత్రలతో తగ్గించవచ్చని, గర్భసంచిలో పెట్టే హార్మోన్ పరికరం ఉందని ఎవరూ చెప్పలేదు. వదిన దాని గురించి ఫిర్యాదు కూడా చెయ్యదు. "పీడా పోయింది" అంటుంది. తర్వాత వచ్చిన ఒంటి ఆవిర్లు, నడుం నొప్పి వేరే ఖాతాలో రాసుకుంది.

వదినలాంటివాళ్ళు మనవైపు చాలామంది. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి మూడు మంది గర్భసంచి తీయించుకున్నారు. ఆంధ్రలో అది తొమ్మిదికి దగ్గర, తెలంగాణలో ఎనిమిది. దేశంలో మనవే ముందున్నాయి. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు అమలు చెయ్యమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది. అందుకని "ఎంత పోతోందని అడగండి" అని నేను రాస్తే, మా జిల్లాలో ఆ ప్రశ్న ఆపరేషన్ టేబుల్ దాకా తీసుకెళ్ళదని హామీ ఎవరిస్తారు? దానిమ్మ కరపత్రంతో కనీసం కత్తి పడదు కదా అని ఎవరైనా అంటే కాదనలేను.

నేను అనేది ఇంతవరకే. వదినకి అడగడం వల్ల నష్టం జరగలేదు, అడిగాక మధ్యలో ఉన్న దారులన్నీ దాటేసి చివరి మెట్టు మీద నిలబెట్టడం వల్ల జరిగింది. నెలసరి రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రనెక్సామిక్ యాసిడ్ ఉంది. మెఫినమిక్ యాసిడ్ ఉంది. హార్మోన్ మాత్రలున్నాయి. హార్మోన్ పరికరంతో చాలామందికి స్రావం చాలావరకు తగ్గిపోతుంది. ఈ పేర్లు ఆడవాళ్ళకి ముందే తెలిసుంటే, "తీసేద్దాం" అన్నప్పుడు "దానికి ముందు ఏమున్నాయి?" అని అడగగలుగుతారు. పేర్లు తెలియాలంటే ఈ సంగతి ఇంట్లో మాట్లాడుకోవాలి, చిక్కంతా అక్కడే.

కందుకూరు పిల్ల సంగతికొస్తే, డాక్టరు మొదట హార్మోన్ పరికరం మాట ఎత్తింది. ఫోన్లో వాళ్ళమ్మ ఠక్కున "పెళ్ళి కాని పిల్లకి అదేంటండీ" అంది. నేను ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆ రోజుల్లో ట్రనెక్సామిక్ మాత్రలకి ఒప్పుకుంది. ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు, పొద్దున్నే నిమ్మరసం నీళ్ళతో. ఒక డోసు వేసుకున్నాక ఒక రోజంతా లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్ పెంచి తలుపు మూసేస్తుంది, రోజూ మింగితే పట్టేది తక్కువ, కడుపులో వికారం ఎక్కువ. రోజు విడిచి రోజు మేలన్న సంగతి 2017లో స్విట్జర్లాండ్ పరిశోధకులు చూపించారు. హిమోగ్లోబిన్ సరిపోయాక కూడా గోదాం నిండడానికి ఇంకో మూడు నెలలు వాడాలంది డాక్టరు. అందరూ మానేసేది సరిగ్గా అక్కడేనని నవ్వింది కూడా.

వాళ్ళమ్మ అన్నిటికీ సరేనంది, ఒక షరతు మీద. స్కానింగ్ కాగితాలు, ప్రిస్క్రిప్షన్లు సంక్రాంతికి ఇంటికి తేవద్దు. సంబంధాలు చూస్తున్నారు, చుట్టాలెవరి కంటైనా పడితే "పిల్లకి ఏదో ఉందట" అంటారు. ఆ పిల్ల రూమ్మేట్లకి కూడా చూపించడానికి మొహమాటపడింది. ఫైలు మా ఇంట్లో, మా ఆయన ఇన్సూరెన్స్ కాగితాల కింద ఉంది. మళ్ళీ ఫెరిటిన్ చూపించుకోవాల్సింది ఉగాది తర్వాత.